డాక్టర్లు కూర్చునే బెంచీ

మా మేడమ్ రోగి మీదే పడిపోయిన రోజు సోమవారం. పొద్దున్న పదిన్నర అయి ఉంటుంది. నేను కింద కౌంటర్లో నూట నలభయ్యో టోకెను చింపి ఇస్తున్నాను. పెద్ద సిస్టర్ మెట్ల మీద నుంచే, "స్ట్రెచర్! ఆడవాళ్ళ వార్డుకి!" అని కేకేసింది. "ఎవరికమ్మా?" అంటే, "డాక్టరుకి" అంది. నా చేతిలో టోకెను చేతిలోనే ఉండిపోయింది.

నేను ఆ ఆసుపత్రిలో టోకెన్లిచ్చే గుమాస్తాని. పంతొమ్మిదేళ్ళుగా అదే కిటికీ, అదే ఎత్తు స్టూలు. మేడమ్ నాకంటే మూడేళ్ళు ముందు వచ్చారు. జ్వరాలు, ఆయాసాలు, బీపీలు, షుగర్లు అన్నీ ఆవిడ దగ్గరికే. మనిషి పొట్టి, నడక మాత్రం రైలు. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసేవారు, ఎవరో పిలిచేవారు, మూత పెట్టేసేవారు. సాయంత్రం ఆ డబ్బా ఎలా వచ్చిందో అలాగే ఇంటికి వెళ్ళేది.

అప్పటికి పది రోజులుగా ఆవిడ దగ్గుతున్నారు. వేరే ఎవరైనా పది రోజుల దగ్గుతో వస్తే, "ఇన్నాళ్ళూ గాడిదలు కాస్తున్నారా?" అని చీవాట్లు పెట్టే మనిషే. తన దగ్గుకి మాత్రం సొరుగులో ఏ మాత్ర దొరికితే అది, గుర్తొచ్చినప్పుడు ఒకటి. ఆ పొద్దున ఏడో నెంబరు మంచం మీద బట్టలు కుట్టుకునే ముసలావిడ ఉంది. ఆవిడ వీపు మీద స్టెతస్కోపు ఆనించి, "ఊపిరి గట్టిగా పీల్చండి" అంటూనే మేడమ్ ఆవిడ భుజం మీదికి ఒరిగిపోయారు. ముసలావిడ గాభరా పడలేదు. ఒక చేత్తో మేడమ్‌ని పొదివి పట్టుకుని, రెండో చేత్తో గంట నొక్కి, "ఈ అమ్మాయిని నా మంచం మీద పడుకోబెట్టండి. నేను కాసేపు కుర్చీలో కూర్చుంటాలే" అందట.

న్యుమోనియా అన్నారు. ఐదు రోజులు ఎనిమిదో నెంబరు మంచంలో ఉంచారు. మా పెద్ద సిస్టర్‌కి డాక్టర్లన్నా, సూపరింటెండెంటన్నా ఒకటే లెక్క. సెలైను ఎక్కిస్తూ అడిగింది.

"పది రోజుల నుంచి దగ్గుతున్నారు కదా, ఏ డాక్టరుకి చూపించారు?"

"నేనే డాక్టర్ని కదా సిస్టర్."

"అదే అడుగుతున్నాను. ఏ డాక్టరుకి చూపించారు?"

సాయంత్రం వాళ్ళ అత్తగారు వచ్చి మంచం పక్కన కూర్చుని, నాలుగు చీవాట్లు పెట్టి, నాలుగు కన్నీటి బొట్లు కార్చి, చివరికి కోడలి జుట్టు దువ్వి జడ వేసి వెళ్ళారు. ఆవిడ వెళ్ళాక లెక్కల మాస్టారు, అంటే మేడమ్ భర్త, వచ్చారు. ఆయనకి కోపం వస్తే మాటలు తగ్గుతాయి. మంచం చివర వేలాడే అట్ట తీసుకుని జ్వరం గీతని తలకిందులుగా, అడ్డంగా, నిలువుగా చూసి, "ఈ లెక్క నువ్వు వేరే వాళ్ళకైతే మొదటి రోజే కట్టేదానివి" అన్నారు. అంతే.

మేడమ్ రెండు వారాలు ఇంట్లో ఉండి తిరిగొచ్చారు. వచ్చిన రోజు నుంచీ ఒక పని మొదలుపెట్టారు. మా ఆసుపత్రిలో డాక్టర్లు ముప్ఫై ఎనిమిది మంది. మెట్ల మీద, లిఫ్టులో, క్యాంటీన్లో ఎవరు కనబడితే వాళ్ళని ఆపి ఒకటే ప్రశ్న: "మీకు ఒంట్లో బాగోకపోతే ఎవరికి చూపించుకుంటారు?"

ఆ జవాబులు నాకు చెప్పి నవ్వేవారు. ఎముకల డాక్టరు తన బీపీ ఆఖరిసారి చూసుకున్నది ఉద్యోగంలో చేరినప్పుడట. కళ్ళ డాక్టరు పదకొండేళ్ళ నాటి కళ్ళద్దాలతోనే అందరికీ కొత్త అద్దాలు రాస్తున్నాడు. చర్మం డాక్టరమ్మ ఎండాకాలంలో కూడా నిండు చేతుల జాకెట్టు ఎందుకేసుకుంటుందో ఆ రోజు తెలిసింది, మోచేతుల దాకా దద్దుర్లు. పిల్లల డాక్టరుకి చేదు మాత్ర మింగాలంటే భయం. జ్వరం వస్తే పిల్లల సిరప్పే నాలుగు మూతలు తాగుతాడట, నారింజ రుచిది.

మేడమ్ నవ్వుతూ చెప్పేవారు గానీ, చెప్పడం అయ్యాక నవ్వేవారు కాదు. "తలనొప్పితో ఉన్నవాడు ఎదుటివాడి తలనొప్పి ఎంతసేపు వింటాడయ్యా?" అన్నారొకసారి. "అలసిపోయిన రోజు నేను రాసిన చీటీలు మళ్ళీ తీసి చూశాను. రెండింట్లో తప్పులున్నాయి. మందుల షాపతను పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది."

తర్వాత సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళారు. ఒక గది కావాలి, గురువారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, డాక్టర్లకి మాత్రమే.

ఆయన నోరెళ్ళబెట్టారు. "డాక్టర్లకి డాక్టరా? బయట తెలిస్తే జనం ఏమనుకుంటారు?"

"నేను పేషెంటు మీద పడిపోయినప్పుడు ఏమనుకున్నారో అదే అనుకుంటారు సార్."

గది దొరికింది. కింద అంతస్తులో చివరిది, పద్నాలుగో నెంబరు, విరిగిన చక్రాల కుర్చీలు పడేసే గది. కుర్చీలు తీయించి, సున్నం వేయించి, మేడమ్ మూడు షరతులు పెట్టారు. ఒకటి, ఎంత పెద్ద డాక్టరైనా నా దగ్గర టోకెను తీసుకుని బయట బెంచీ మీద కూర్చోవాలి. రెండు, వరండాలో చెయ్యి పట్టుకుని "కొంచెం ఇది చూడు" అనడం కుదరదు. మూడు, కేస్ షీట్లు విడిగా బీరువాలో, తాళం ఆవిడ దగ్గర. సూపరింటెండెంటు గారడిగినా ఇవ్వరు. మాస్టారు తన గుండ్రటి అక్షరాలతో అట్ట మీద బోర్డు రాసిచ్చారు: "డాక్టర్లు ఇక్కడికి రోగులుగా రావలెను."

ఆ బోర్డు చూసి నవ్వనివాళ్ళు లేరు. వచ్చినవాళ్ళూ లేరు.

నాలుగు గురువారాలు మేడమ్ ఆ గదిలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. నేను బయట టోకెన్ల కట్ట పట్టుకుని కూర్చున్నాను. మనసులో నాకు సిగ్గుగా ఉండేది, నలుగుర్ని భోజనానికి పిలిచి వంట చేసి పెట్టుకుంటే ఎవరూ రానట్టు. మేడమ్ మాత్రం, "డబ్బాలో అన్నం వేడిగా ఉండగానే తినగలుగుతున్నాను, ఇదీ లాభమే" అనేవారు.

ఐదో గురువారం తలుపు సందులోంచి పిల్లల డాక్టరు తల దూర్చాడు.

"మేడమ్, మా ఫ్రెండొకడికి ఛాతీలో మంటగా ఉంటోందట. ఏం వాడమంటారు?"

"మీ ఫ్రెండ్‌కి టోకెనుందా?"

ఆయన నా వైపు చూశాడు. నేను ఒకటో నెంబరు చింపి ఇచ్చాను. లోపలికెళ్ళాడు.

"మీ ఫ్రెండ్ వయసెంత?"

"నా వయసే మేడమ్."

"అయితే మీ ఫ్రెండ్‌ని చొక్కా విప్పి ఆ బల్ల మీద పడుకోమనండి."

ఆయన అరగంట తర్వాత బయటికొచ్చి నా పక్కన కూలబడ్డాడు. ఛాతీలో మంట సంగతి చిన్నదే. బీపీ మాత్రం గాలిపటంలా ఎగురుతోందట. "ఏడాదిగా తలతిరుగుడు. పని ఎక్కువై అనుకున్నా" అన్నాడు తనలో తనే. లేచి వెళ్తూ, "ఇక సిరప్పులు చాలు, మాత్ర మింగమంది" అన్నాడు, స్కూల్లో దెబ్బలు తిన్న పిల్లాడిలా.

రెండు వారాలయ్యాక ఆయనే చర్మం డాక్టరమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ కళ్ళ డాక్టరుని తెచ్చింది. అలా బెంచీ నిండింది. నిండాక ఒక తమాషా జరిగింది. డాక్టర్లకి బెంచీ మీద కూర్చోవడం అంటే ఏమిటో తెలిసొచ్చింది.

"ఏమయ్యా, ఈ బెంచీ ఇంత గట్టిగా ఉందేంటి?" అన్నాడు ఎముకల డాక్టరు.

"మీ గది ముందున్నదీ ఇదే బెంచీ సార్. నడుం నొప్పి వాళ్ళు మూడు గంటలు కూర్చుంటారు."

ఆ నెలాఖరుకి ఆయన గది ముందు వీపు ఆనించుకునే కుర్చీలు వచ్చాయి. పిల్లల డాక్టరు పొద్దున్నే అందరికీ ఒకేసారి టోకెన్లివ్వడం మాన్పించి, తొమ్మిదింటికి పదిమంది, పదింటికి పదిమంది అని వేళలు వేయించాడు. నా కిటికీ ముందు తోపులాట సగం తగ్గింది. పంతొమ్మిదేళ్ళలో ఎవరికీ తట్టనిది బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చుంటే తట్టింది.

ఇంతమంది వచ్చినా ఒకాయన మాత్రం ఆ గది వైపు చూసేవాడు కాదు. పెద్ద సర్జన్. యాభై ఎనిమిదేళ్ళు, నిలువెత్తు మనిషి, హస్తవాసి బంగారం. నోరు మాత్రం ఉరుము. అందరం ఆయన్ని చాటుగా "ఉరుము సార్" అనే వాళ్ళం. ఆయన ఆపరేషన్ థియేటర్లో మాట్లాడితే కింద నా కౌంటర్లో వినబడేది. "నాకేం రోగం? ఆ గది బలహీనులకి" అని క్యాంటీన్లో అందరి ముందూ అన్నాడు. ఆయన దగ్గర పనిచేయడానికి వచ్చిన కుర్ర డాక్టర్లు ఆర్నెల్లు తిరక్కుండా వేరే చోటికి అర్జీలు పెట్టుకునేవారు.

ఒక గురువారం మత్తు డాక్టరమ్మాయి టోకెను తీసుకుంది. ఆపరేషన్‌కి ముందు మత్తిచ్చే డాక్టరు, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. ఆ రోజు లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. మేడమ్ నోటి నుంచి ఏనాడూ బయటికి రాలేదు. చాలాకాలం తర్వాత ఆ అమ్మాయే చెప్పింది.

ప్రతి మంగళవారం, ఉరుము సార్ ఆపరేషన్లున్న రోజు, పొద్దున్నే ఆమెకి కడుపులో మెలిపెట్టేది. కొన్నాళ్ళ కిందట ఒక ఆపరేషన్ మధ్యలో రోగి బీపీ పడిపోవడం మొదలైంది. "సార్, పడిపోతోంది, ఒక్క నిమిషం ఆగండి" అంది. ఆయన ఆగలేదు, తల తిప్పలేదు. మళ్ళీ మళ్ళీ అంది. చివరికి చుట్టూ తిరిగి వెళ్ళి మోచెయ్యి తాకింది. అప్పుడు ఆపాడు, ఆపి ఒక్క కసురు కసిరాడు. రోగికేమీ కాలేదు. కానీ ఆమెకి ఆ రోజు నుంచీ నిద్ర లేదు.

"గోడకి చెప్పినట్టే ఉంటుంది మేడమ్. నేనంటే ఆయనకి లెక్కలేదు. ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా."

మేడమ్ ముందు ఆమె కడుపు చూశారు, నిద్ర సంగతి చూశారు. తర్వాత ఒకటే అడిగారట. "అప్పుడు నువ్వు ఎటువైపున్నావు?"

"రోగి తల దగ్గర. ఆయన పక్కకి తిరిగి వంగి ఉన్నారు."

"నీకు మాస్కు ఉంది కదా?"

"థియేటర్లో అందరికీ ఉంటుంది కదా మేడమ్."

మేడమ్ కలం మూత పెట్టి, "నీ పేరు ఎక్కడా రాకుండా నేనాయనతో మాట్లాడితే నీకేమైనా అభ్యంతరమా?" అన్నారట. లేదంది.

ఆ వారం డాక్టర్ల మీటింగ్ జరిగింది. టీలు అందించే పని మీద నేనూ ఉన్నాను. మేడమ్ లేచి వెళ్ళి ఉరుము సార్ కుర్చీ వెనక నిలబడి, మామూలు గొంతుతో, "సార్, మీ కుర్చీ కింద పాము" అన్నారు.

పక్కనున్న చర్మం డాక్టరమ్మ కెవ్వుమని కుర్చీ ఎక్కింది. కళ్ళ డాక్టరు టీ ఒలకబోసుకున్నాడు. ఉరుము సార్ మాత్రం తాపీగా బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నాడు. చర్మం డాక్టరమ్మని చూసి, "ఏమైందమ్మా, బల్బు మారుస్తావా?" అన్నాడు. పాము లేదని చూసుకుని అందరూ నవ్వారు. మేడమ్ ఒక్కరే నవ్వలేదు.

మర్నాడు ఆవిడ ఆయన గదికి వెళ్ళి, తలుపు వేసి, ఎదురుగా కూర్చుని, సూటిగా అడిగారు. ఇది తర్వాత ఉరుము సారే అందరికీ చెప్పుకున్నాడు, అందుకే నాకు తెలుసు.

"సార్, మీకు చెవులు ఎప్పట్నుంచి వినబడటం లేదు?"

ఆయన బల్ల గుద్దాడు. అరిచాడు. మేడమ్ కదల్లేదు. అరుపు అయిపోయాక ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "రెండేళ్ళు" అన్నాడు. "ఎదురుగా ఉంటే పెదాలు చూసి పట్టేస్తాను. మాస్కు కడితే ఏమీ తెలియదు. లోపల ఒక్కణ్ణే ఉన్నట్టుంటుంది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఎవరికైనా తెలిస్తే కత్తి లాక్కుంటారు. నా చేతులు ఇంకా బాగానే ఉన్నాయి" అన్నాడు.

"చేతులు బాగున్నాయి కాబట్టే చెవులు చూపించుకోమంటున్నాను. కానీ చూపించుకునే దాకా మీరు కత్తి పట్టకూడదు సార్. అది మాత్రం నేను ఊరుకోను. గురువారం రండి. టోకెను తీసుకోవాలి."

"నేను రాను" అన్నాడు.

ఆ మంగళవారం ఆపరేషన్లు వాయిదా వేసినట్టు కాగితం వచ్చింది, కింద ఆయన సంతకమే. గురువారం రెండుంబావుకి గది బయట కూర్చున్న నా ముందు నీడ పడింది. తలెత్తితే ఉరుము సార్. "తొమ్మిది" అని టోకెను ఇచ్చాను. తీసుకుని వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. అవతల పిల్లల డాక్టరు, ఎముకల డాక్టరు సర్దుకున్నారు. ఈ పక్కన మత్తు డాక్టరమ్మాయి, రెండోసారి చూపించుకోవడానికి వచ్చింది, బిగుసుకుపోయి కూర్చుంది.

ఎనిమిది దాకా అయ్యాయి, అయినవాళ్ళు కూడా ఉరుము సార్‌ని చూస్తూ బెంచీ మీదే ఉండిపోయారు. నేను పిలిచాను. "తొమ్మిది."

ఆయన ఎదురు గోడ చూస్తున్నాడు.

"తొమ్మిదో నెంబరు!"

కదల్లేదు. సార్ అని పిలవాలో, నెంబరే పిలవాలో తెలియలేదు. మూడోసారి గట్టిగానే అన్నాను. బెంచీ మీద అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఒక్కొక్కరి ముఖంలో ఒక్కొక్క సంగతి గుర్తుకొస్తోంది, ఆయన జవాబివ్వని మాటలు, చూడకుండా వెళ్ళిపోయిన పలకరింపులు. అందరికంటే ముందు అర్థమైంది ఆ అమ్మాయికి. చెయ్యి చాపి ఆయన మోచెయ్యి తాకింది. మాస్కు లేదు. ఆయన వైపు తిరిగి, మెల్లగా, పెదాలు కనబడేలా అంది.

"సార్, మీ నెంబరు."

ఆయన నా వైపు చూశాడు, మళ్ళీ ఆమె వైపు.

"ఎన్నిసార్లు పిలిచాడు?"

"మూడుసార్లు సార్."

ఆయన లేవబోయి ఆగాడు. "ఆ రోజు లోపల నువ్వు కూడా పిలిచావా?"

"నాలుగుసార్లు సార్."

ఉరుము సార్ అంత నెమ్మదిగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. "నాకు వినబడలేదమ్మా. నిజంగా వినబడలేదు. తప్పు నీది కాదు, నాదే. ముందే చూపించుకోవాల్సింది" అన్నాడు. లోపలికి వెళ్ళాడు. ఆ అమ్మాయి ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, రెండూ అనుకుంటా. పిల్లల డాక్టరు జేబులోంచి చాక్లెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఏడ్చేవాళ్ళకి ఆయన చేసే వైద్యం అదొక్కటే.

పరీక్షలు చేశారు. రెండు చెవులకీ మిషన్లు పెట్టాలన్నారు. అవి వచ్చి అలవాటయ్యే దాకా ఐదు వారాలు ఆయన థియేటర్లో అడుగు పెట్టలేదు. పక్క ఊరి నుంచి వేరే సర్జన్ వచ్చి చేసి వెళ్ళేవాడు. మిషన్లు పెట్టుకున్న మొదటి రోజు ఆయన ఆసుపత్రంతా తిరిగాడు. ఫ్యాను చప్పుడుకి ఉలిక్కిపడ్డాడు. తన బూట్ల చప్పుడు విని వెనక్కి తిరిగి చూశాడు. నా కౌంటర్ దగ్గరికొచ్చి, "టోకెను చింపితే ఇంత చప్పుడవుతుందా!" అన్నాడు. అని, ఆ గొంతుకి తనే బెదిరి ఆగిపోయాడు.

"నేను ఇంత గట్టిగా మాట్లాడతానా?"

"అవును సార్."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"చెప్పాం సార్" అంది వెనక నుంచి పెద్ద సిస్టర్. "చాలాసార్లు చెప్పాం."

ఆయన నవ్విన నవ్వుకి వరండాలో రోగులు కూడా నవ్వేశారు.

థియేటర్లో ఆయనే కొత్త పద్ధతి పెట్టాడు. మొదలుపెట్టే ముందు అక్కడున్న ప్రతి మనిషీ ఒక మాట మాట్లాడాలి, ఈ రోజు చేస్తున్నదేమిటో, తన భయమేమిటో. మధ్యలో ఎవరు ఏం చెప్పినా, విన్నవాళ్ళు ఆ మాట తిరిగి చెప్పాలి. "పడిపోతోంది సార్" అంటే "పడిపోతోంది, ఆపాను" అనాలి. తిరిగి చెప్పకపోతే వినబడనట్టే లెక్క. చెవులు బాగున్నవాళ్ళకి కూడా ఎన్ని మాటలు వినబడటం లేదో అప్పుడు బయటపడిందని పెద్ద సిస్టర్ అనేది. ఆపరేషన్లు ఇదివరకంత ఆలస్యం కావడం లేదు, కట్లు విప్పాక చీము పట్టి తిరిగొచ్చేవాళ్ళు తగ్గారు. కుర్ర డాక్టర్లు వేరే చోటికి అర్జీలు పెట్టడం మానేశారు. ఒకడైతే ఏడాది గడువు అయిపోయినా ఇంకా ఆయన వెంటే తిరుగుతున్నాడు.

ఇప్పుడు పద్నాలుగో గదికి వారంలో రెండు రోజులిచ్చారు. డాక్టర్లతో పాటు సిస్టర్లు, ల్యాబు వాళ్ళు, తుడిచేవాళ్ళు, మాలాంటి గుమాస్తాలు కూడా వస్తారు. నాకు షుగరున్నట్టు అక్కడే తెలిసింది, తొందరగానే తెలిసింది. ఇంకో రెండు ఆసుపత్రుల వాళ్ళు వచ్చి చూసి, తమ దగ్గరా పెట్టుకున్నారు. ఒకాయన "దీనికి చాలా ఏర్పాట్లు కావాలా?" అని అడిగితే మేడమ్, "ఒక గది, ఒక తాళం, కొంచెం సిగ్గు విడవడం" అన్నారు.

మత్తు డాక్టరమ్మాయి ఉద్యోగం మానలేదు. మేడమ్ దగ్గర కూర్చుని ఆ గది పని నేర్చుకుంది. పోయిన గురువారం మేడమ్ తాళం ఆమె చేతికిచ్చి, "ఈ రోజు నువ్వు చూడు" అని, రెండింటికల్లా గేటు దాటేశారు. గేటు బయట మాస్టారు స్కూలుకి సెలవు పెట్టి, నీలం చొక్కా వేసుకుని, రెండు సినిమా టికెట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మధ్యాహ్నం ఆటకి వెళ్ళడం అదే మొదలట. మర్నాడు కథేమిటని అడిగాను.

"ఎవరికి తెలుసయ్యా," అన్నారు మేడమ్, "పేర్లు పడుతుండగానే నిద్రపట్టేసింది. ఆయన లేపలేదు. హాలంతా ఖాళీ అయ్యాక కళ్ళు తెరిచాను. ఎంత బాగుందో చెప్పలేను!"